గ్లోవ్స్ విప్పనన్నందుకు

ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. మిగతాదంతా దాని వెనకే వచ్చింది.

ఢిల్లీలో మా ఆఫీసు జట్టుకు నేను గోల్‌కీపర్‌ని. కార్నర్ కిక్‌కు ముందుకు దూకితే ఎవరిదో మోకాలు నా కణతకు తగిలింది. లేచి కూర్చునేసరికి గోల్‌పోస్టులు రెండు జతలుగా కనిపించాయి.

మా జట్టుకో పాడు అలవాటుండేది. ఆట చేజారుతోందనిపిస్తే కోచ్ టోపీ తీసేవాడు. వెంటనే నేను కాలు పట్టుకుని కూలబడాలి. కీపర్ పడితే ఆట ఆగుతుంది. ఆ సందులో మిగతావాళ్లు లైన్ దగ్గరకు వెళ్లి కోచ్ చెప్పేది వింటారు. అందుకే ఆ రోజు నిజంగా పడినా ఎవరూ కంగారుపడలేదు. "అరే రావ్, మైనే టోపీ కబ్ ఉతారీ?" అని కోచ్ నవ్వాడు. తను టోపీ తీయకుండానే పడ్డానట.

ఫిజియో వచ్చి, ఎవరితో ఆడుతున్నామని అడిగాడు. గుర్తు రాలేదు. ఎదుటివాడి జెర్సీ మీద జట్టు పేరు చదివి చెప్పాను. లైన్ బయట రెండో కీపర్ గ్లోవ్స్ తొడుక్కుంటున్నాడు. జట్టులో కీపర్ చోటు ఒక్కటే. అతను దిగి బాగా ఆడితే ఇక నాకు బెంచీయే. "మైఁ ఠీక్ హూఁ" అన్నాను, బాగానే ఉన్నానని.

మ్యాచ్ గెలిచాం. "షేర్ హై తూ!" అని కోచ్ నా భుజం తట్టాడు, సింహాన్నట. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆయన మీద కన్నా, దానికి పొంగిపోయిన నా మీద.

ఆర్.కె. పురం క్వార్టర్‌కు రాగానే వాంతి అయింది. కడుపు బాగాలేదని నా భార్య సుజాతకూ అబద్ధమే చెప్పాను. వారం తిరక్కుండా ప్రాక్టీసుకు వెళ్లాను. పక్కనుంచి వచ్చిన బంతి తలకు తగిలింది. చిన్న దెబ్బే. అక్కడే కుప్పకూలాను.

సి.టి. స్కాన్ నార్మల్ అన్నారు. సంబరపడ్డాను. న్యూరాలజిస్ట్ తెలుగువారే. "బ్లీడింగ్ లేదన్నంత మాత్రాన బ్రెయిన్ బాగున్నట్టు కాదు. ఇది కన్‌కషన్, దెబ్బకు మెదడు అదరడం. ఇంతకు ముందు తగిలిందా?" అని అడిగారు.

"పోయిన వారం వాంతయింది డాక్టర్ గారూ. కడుపన్నారు. చారన్నం పెట్టాను" అంది సుజాత.

"మళ్లీ గోల్‌లో ఎప్పుడు నిలబడొచ్చు?" అన్నాను.

"ముందు మీ ఇంటి మెట్లు సరిగ్గా దిగండి."

నెలల తరబడి చీకటి గదిలోనే ఉన్నాను. వెలుగు చూస్తే తల పగిలేది. కుక్కర్ కూత వినలేక సుజాత మీద విరుచుకుపడ్డాను. ఆమె పప్పు గిన్నెలోనే ఉడికించడం మొదలుపెట్టింది. అప్పుడూ ఆలస్యమైందని అరిచాను.

"అరవండి. తల తిరుగుతోందని మీ కోచ్‌కి చెప్పడానికి లేవని నోరు, నా మీద బాగానే లేస్తోంది" అంది.

వెస్టిబ్యులార్ రీహాబ్ అని, తల తిరుగుడు తగ్గించే వ్యాయామాల్లో గోడ మీది అక్షరం మీద చూపు నిలిపి తల అటూ ఇటూ తిప్పించేవారు. కాస్త కుదుటపడగానే ఎవరికీ చెప్పకుండా గ్రౌండ్‌కు వెళ్లి ఒక్క డైవ్ చేశాను. మళ్లీ మొదటికొచ్చింది. ఆ తర్వాత ఇక ఆడలేదు.

ఇప్పుడు వసంత్ కుంజ్ దగ్గర ఒక కాలేజీలో అమ్మాయిల జట్టు కీపర్లకు కోచింగ్ ఇస్తున్నాను. దొంగగా పడడం నేర్పను. ఈ దెబ్బ గురించి నేను చెప్పగలిగింది ఒక్కటే: తలకు దెబ్బ తగిలినవాళ్లను "ఆడగలవా?" అని అడక్కండి. ఆడగలననే అంటారు. అడక్కుండా బయటికి తీసుకురండి. స్కాన్ నార్మలని వచ్చినా, డాక్టర్ సరేననేదాకా ఆడనివ్వకండి.

మొన్నటి సెమీఫైనల్లో మా కీపర్ లావణ్య తల పోస్టుకు కొట్టుకుంది. "సర్, సచ్చీ, ఐ యామ్ ఫైన్!" అంది. బయటికి పిలిచాను. "ఆప్ కో క్యా పతా!" అని, నాకేం తెలుసంటూ ఏడ్చింది. బదులు దిగిన అమ్మాయి రెండు గోల్స్ ఆపలేకపోయింది. ఓడిపోయాం. రెండు వారాలు గమనించాక కన్‌కషన్ కాదని డాక్టర్ తేల్చారు.

వాళ్ల నాన్న నిలదీశారు. "ఏమీ లేనిదానికి మా అమ్మాయిని ఫైనల్‌కి దూరం చేశారు కదండీ?"

"అవునండీ" అన్నాను.

లావణ్య నాతో ఇంకా సరిగా మాట్లాడదు. ప్రాక్టీసుకు మాత్రం రోజూ వస్తోంది. బంతిని కావాలనే నా మీదికి గట్టిగా విసురుతోంది. విసరనీ.