క్రేనక్క గంటకోసారి ఎందుకు దిగింది

ఆమె కట్టడాల దగ్గర పెద్ద క్రేను నడుపుతుంది. నేల మీద ఉన్నవాళ్ళందరికీ ఆమె క్రేనక్కే. క్యాబిన్ చేరాలంటే నూట అరవై మెట్ల ఇనుప నిచ్చెన ఎక్కాలి. పొద్దున ఎక్కిన మనిషి మళ్ళీ భోజనానికి గానీ దిగేది కాదు. అలాంటిది, ఆ ఏడాది గంటకోసారి దిగడం మొదలుపెట్టింది.

"అక్కా, కింద ఏమైనా మర్చిపోయావా?" అని మేస్త్రీ రెండుసార్లు అడిగాడు. ఆమె చూసిన చూపుకి మూడోసారి అడగలేదు.

నీళ్ళు తాగితేనే కదా మాటిమాటికీ బాత్రూమ్‌కి పరుగెత్తే ఈ గొడవ అని నీళ్ళు తగ్గించేసింది. మంట మొదలైంది, తొందర మాత్రం తగ్గలేదు. ఇక లాభం లేదని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

పరీక్షలన్నీ చూసి డాక్టరమ్మ, "ఇన్‌ఫెక్షన్ లేదు, రాళ్ళు లేవు. మీ మూత్రాశయం కాస్త సున్నితం. ముందు నీళ్ళు సరిగ్గా తాగండి. ఇక తిండంటారా, ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. కాఫీ, టీ, టమాటా, కారం, పుల్లటి పళ్ళు మూడు వారాలు మానేసి, ఒక్కొక్కటే మళ్ళీ తిని చూడండి. ఒక్కోదానికి మూడు రోజులు. ఎన్నిసార్లు వెళ్ళారో రాసుకోండి" అంది.

పుస్తకం కొన్నది క్రేనక్కే గానీ, పెత్తనం అత్తగారిది. "టమాటాయే! నాకు మొదట్నుంచీ దాని మీదే అనుమానం" అని ఆవిడ ముందే తేల్చేసింది.

మూడు వారాల చప్పిడి తిండికి ఇంటిల్లిపాదీ మొహాలు వేలాడేసుకున్నారు. క్రేనక్క ఒంటికి మాత్రం హాయిగా ఉంది. తర్వాత టమాటా వంతు. మూడు రోజులూ ఏమీ కాలేదు. "సరిగ్గా తిన్నావా? ఇంకో రెండు తిను" అని అత్తగారు కొసరి వడ్డించినా కాలేదు. కారమూ ఏమీ చెయ్యలేదు. టీ ఒక కప్పుకి ఊరుకుంది, రెండో కప్పుకి ఎదురు తిరిగింది. కాఫీ అయితే నాలుగు గుక్కలకే పరుగో పరుగు.

ఇక నారింజ మిగిలింది. "ఎండలో కష్టపడే పిల్ల" అని అత్తగారు ఏడాదిగా రోజూ పొద్దున్నే పిండి ఇచ్చే పెద్ద గ్లాసుడు రసం. సెలవు రోజు చూసి తాగింది. సాయంత్రానికి పదకొండుసార్లు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, పుస్తకం పట్టేసింది.

ఆ సంగతి అత్తగారికి చెప్పేదెవరు? మొగుణ్ణి అడిగితే, "నాకు బయట పనుంది" అని చెప్పులేసుకుని జారుకున్నాడు. క్రేనక్కే పుస్తకం తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివింది.

"నా రసమా?"

"మీ చెయ్యి మంచిదే అత్తయ్యా. పండే నాకు పడలేదు."

రెండు రోజులు ఆవిడ వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పెట్టింది. జబ్బు పూర్తిగా పోలేదు గానీ, రసం, కాఫీ మానాక క్రేనక్క పొద్దుటిపూట ఒక్కసారి దిగితే సరిపోతోంది. మూడో రోజు బయల్దేరుతుంటే అత్తగారు తొక్క తీసిన బేరిపండు ముక్కల డబ్బా చేతికిచ్చింది.

"మూడు రోజులు తిని చూడు. ఏదైనా తేడా చేస్తే ముందు నాతో చెప్పు. గబుక్కున పుస్తకంలో ఎక్కించెయ్యకు."