బెల్టు కిందికి ఎవరు పోవాలి

సక్రిది టేకులపల్లి దగ్గరి తండా. భర్త పోయాక ఉన్న కాస్త చేను కౌలుకిచ్చి, పాల్వంచ దారిలోని ఒక ప్రైవేటు బొగ్గు యార్డులో పనికి కుదిరింది. అక్కడ అందరూ భయపడే పని ఒకటుంది. బొగ్గు మోసే బెల్టు కింద ఇరుకు సొరంగంలోకి వంగి దూరి, రాలిన పొడిని పారతో ఎత్తిపోయాలి. ఊపిరాడదు. బయటికొచ్చాక ఉమ్మితే నలుపే.

ప్రతి సోమవారం పొద్దున చాయ్ తాగుతూ ఎవరికి ఏ పనో ఆడవాళ్లంతా కూర్చుని తేల్చుకోవాలి. సూపర్‌వైజర్ రామకృష్ణ దాన్ని మీటింగ్ అనేవాడు. నిజానికి అతనూ అతని మనుషులిద్దరూ గేటు బయట హోటల్లోనే అంతా అనుకుని వచ్చేవారు. సక్రికి ఎప్పుడూ సొరంగమే. అతని మరదలు నాగలక్ష్మికి ఎప్పుడూ రేకుల నీడలో రాళ్లు ఏరే పనే.

ఒక సోమవారం భీమక్క నోరు తెరిచింది. సక్రి కంటే పెద్దది, మోకాళ్లు సరిగా వంగవు. వంతులు పెట్టుకుంటే బాగుంటుంది కదా అంది. రామకృష్ణ నవ్వి ఊరుకున్నాడు. మరుసటి వారం సొరంగానికి భీమక్క పేరు చదివాడు.

సక్రికి ఒళ్లు మండిపోయింది.

"నన్ను తోల్తే రెండేండ్లు నోర్మూసుకొని పోయిన. ఒక్క మాట అడిగిందని భీమక్కను తోల్తవా? గిది మీటింగా సార్? మీరు బయట అనుకొని వస్తరు, మేం తలకాయ ఊపాలె, గంతేనా?"

అందరి ముందే చదివాను, ఎవరైనా కాదన్నారా అని అడిగాడతను. ఎవరూ గ్లాసుల్లోంచి తల ఎత్తలేదు. ఇష్టం లేనివాళ్లకు గేటు తెరిచే ఉందన్నాడు.

సక్రి పార తీసుకుపోయి సొరంగం మూతికి అడ్డంగా కూర్చుంది. పొడి తీయందే బెల్టు కదలదు. లారీలు వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు తిట్టారు, రామకృష్ణ అరిచాడు. ఆమె లేవలేదు.

చివరికి నాగలక్ష్మి లేచి కొంగు ముక్కుకు కట్టుకుంది.

"బావా, ఈ వారం నేను పోత. రోజూ ఎదురుంగ కూసొని చూస్తున్న. సిగ్గయితుంది."

సక్రి పక్కకు జరిగింది. మధ్యాహ్నం నాగలక్ష్మి బయటికొచ్చి గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. రామకృష్ణ అటు చూడలేకపోయాడు. మరుసటి సోమవారం నుంచి వంతులు మొదలయ్యాయి.

కొన్నాళ్లకు మేనేజరు వస్తే, ఆ పద్ధతి తానే తెచ్చానని రామకృష్ణ చెప్పుకున్నాడు. మేనేజరు అతని భుజం తట్టాడు. సక్రి వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడింది.

"రెండేండ్లు నేనొక్కదాన్నే ఎందుకు పోయిన్నో, అది గూడ చెప్పుమను సార్."

అయిపోయిందేదో అయిపోయింది, ఇప్పుడు బాగానే ఉంది కదమ్మా అన్నాడు మేనేజరు. రామకృష్ణ అతన్ని లారీల వైపు తీసుకుపోయాడు.

సక్రి ఇప్పటికీ అక్కడే పనిచేస్తోంది. తన వంతు వస్తే సొరంగంలోకి దిగుతుంది. కోపం మాత్రం దిగలేదు. యార్డులో ఎవరైనా "అందరం అనుకున్నం" అంటే చాలు, చేతిలో పని ఆపి అడుగుతుంది: "ఎక్కడ అనుకున్నరు? అప్పుడు ఎవరెవరున్నరు?"