పాప జావకి గోధుమలు

ఇవాళ చిన్నదాని జావకి గోధుమలు తడిపి మూట కట్టేను. కడుతుంటే పెద్దదానప్పటి తంటా గుర్తొచ్చింది.

తొమ్మిదో నెలలో దానికి బరువు పెరగడం ఆగిపోయింది. ఆస్పత్రిలో నర్సమ్మ రెండు నెలలు వరసగా చీటీ మీద ఒకే అంకె వేసింది. పాలు చాలవనీ, గోధుమపిండి జావ పట్టమనీ చెప్పింది. మా ముక్తేశ్వరం చుట్టుపక్కల అందరిదీ బియ్యం తిండే. చౌకడిపోలో ఇచ్చే గోధుమలు మా ఇంట్లో కోళ్ళకి వేసేవారు.

ఆ గోధుమలే రెండు కిలోలు చేటలో పోసేను. చెరిగితే దుమ్మూ పొట్టూ పోయేయి కాని, గింజంత మట్టిబెడ్డలు చేటలోనే ఉండిపోయేయి. బియ్యంలో అయితే బెడ్డ నల్లగా కనబడుతుంది. ఇక్కడ బెడ్డదీ గింజదీ ఒకటే రంగు. బియ్యెస్సీ చదివినదాన్ని కనక, ఆ మట్టి పిండిలో కలిసి పాప కడుపులోకి వెళ్తే ఏమేం జబ్బులు రావచ్చో వరసగా తోచేవి. ఏరినవే మళ్ళీ ఏరేను. ఇన్నిసార్లు చూస్తే గింజలకి దిష్టి తగులుతుందన్నారు మా అత్తగారు.

పిండి మెత్తగా రావాలంటే రాత్రంతా నానబెట్టమన్నదీ ఆవిడే. అరిసెల బియ్యం అలాగే కదా చేస్తాం, నాకూ సబబుగానే తోచింది. పొద్దున్నే వడకట్టి, తడిగానే డబ్బాలో పోసుకుని పిండిమరకి వెళ్ళేను.

మర ఆడించే ఆయన ఒక గింజ కొరికి చూసేడు. అది చప్పుడు లేకుండా నలిగింది.

"అరిసెలకాండీ?" అన్నాడు.

పాప జావకని చెప్పేను.

"ఇవి పోస్తే మరలో రాళ్ళకి పిండి ముద్దలా పట్టేస్తాదండి. మీ పాపకి జావా ఉండదు, నాకు ఇవాళ మరా ఉండదు."

వెనక ఉన్న ఆడవాళ్ళు నవ్వేరు. ఆయన నవ్వకుండా పద్ధతి చెప్పేడు. గోధుమలు గబగబా కడిగి నీడన ఆరబెట్టాలి. పైతడి పోయేక కాసిని నీళ్ళు చిలకరించి, చేత్తో కలిపి, ఒక రాత్రి మూట కట్టి ఉంచాలి. అప్పుడు పొట్టు నుగ్గవకుండా రేకులుగా ఊడి జల్లెడలో ఉండిపోతుంది, పిల్లకి మెత్తటి పిండి దిగుతుంది. మూట విప్పేక గింజ కొరికితే టక్కుమనాలి.

నానినవి ఎండబోస్తే సాయంత్రానికి పులిసిన వాసన వేసేయి. చివరికి అవీ కోళ్ళకే పోయేయి. మళ్ళీ డిపో, మళ్ళీ చేట, మళ్ళీ ఏరడం. పాప జావకి ఇంకో వారం ఆలస్యమైంది.

ఈసారి మూట విప్పి కొరికితే టక్కుమంది. నమ్మకం చాలక ఇంకో నాలుగు కొరికేను.

"మరకి ఏమైనా మిగులుస్తావా అమ్మాయ్?" అన్నారు అత్తగారు.

తరవాతి నెల నర్సమ్మ పాపని తూచింది. ముల్లు పాత అంకె దాటి ఆగింది. మళ్ళీ తూచమన్నాను. తూచింది. మూడోసారి అడిగేసరికి పాప ఏడుపు మొదలెట్టింది.

"ఎన్నిసార్లు తూచినా అంతేనండి, ఆయ్," అంటూ నర్సమ్మ చీటీ మీద కొత్త అంకె వేసింది.