కొత్త బూటు కరిచింది

పది రోజులు సెలవు పెట్టి, మళ్లీ మొదటి షిఫ్టుకు పోదామని పాత బూట్లో కాలు పెట్టాను. మెత్తగా ఏదో తగిలింది. దులిపితే గుడ్డపీలికలు, ఎండుగడ్డి, చచ్చిన చిట్టెలుక. దాంతోపాటు నల్లటి పురుగులు చెంగున ఎగిరి నా కాళ్ల మీద పడ్డాయి. కుక్క గోమారిలో సగం కూడా లేవు గానీ, కుట్టడం మాత్రం కసిగా కుట్టాయి. తిట్టుకుంటూ ఆ బూట్లను వరండా మూలకు విసిరేసి, కొత్త జత వేసుకుని గనిలోకి దిగాను.

మూడో రోజుకు ఒళ్లు వెచ్చబడింది. గజ్జలో బిళ్ళ కట్టింది. ఎలుక చచ్చింది, పురుగు కుట్టింది, గజ్జలో గడ్డ లేచింది. బడిలో చదివిన ప్లేగు పాఠం మొత్తం నా ఒంట్లోనే కనబడింది. అప్పుడే ఇంత బాగా వచ్చుంటే పదో తరగతి ఒక్కసారికే గట్టెక్కేవాణ్ని.

చావంటే భయం లేదని కోతలు కోయను. కానీ అంతకన్నా భయం నాలుగేళ్ల నా బిడ్డ గురించి. డ్యూటీ దిగి రాగానే మెడకు చుట్టుకునే పిల్ల. దగ్గరికి రావద్దని గదిమాను. మంచం వరండాలో వేసుకున్నాను. రెండు రోజులు చూసి నా భార్య నిలదీస్తే అంతా కక్కేశాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను. పాత బూటు దులిపి, దొరికిన రెండు పురుగుల్ని మందుసీసాలో పట్టి, పక్క క్వార్టర్‌లో ఉండే జువాలజీ టీచరమ్మ దగ్గరికి నన్ను లాక్కుపోయింది.

టీచరమ్మ మమ్మల్ని తన కాలేజీకి తీసుకెళ్లి, పురుగును మైక్రోస్కోపు కింద పెట్టి చూడమంది. దాని చెంప మీద దువ్వెన పళ్లలాంటివి వరుసగా ఉన్నాయి. ప్లేగు మోసే ఎలుక పురుగుకు ఆ దువ్వెన ఉండదట. ఇది చిట్టెలుకల మీద, వాటి గూళ్లలో బతికే వేరే కుటుంబమట. అంతా చెప్పి, నేను కుంటడం చూసి మేజోడు తీయమంది. మడమ తోలు లేచి చీము పట్టి ఉంది.

"పురుగు కుట్టింది నిజమే గానీ అన్నా, బిళ్ళ కట్టింది దానికి కాదు. నిన్ను కరిసింది కొత్త బూటు."

సిగ్గు లేకుండా అక్కడే ఏడ్చాను. దవాఖానలో డాక్టరు కూడా అదే మాట చెప్పి కట్టు కట్టించి పంపాడు. హమ్మయ్య అనుకుంటూ ఇంటికొచ్చాను. బిడ్డ పరుగున వచ్చి, గడప దగ్గర టక్కున ఆగిపోయింది. అలా ఆగడం నేర్పింది నేనే.

"బాపూ, ఇగ నిన్ను ముట్టుకోవచ్చా?" అని అడిగింది.

చేతులు చాపాను.