ఆఖరి బెంచీ దాకా కర్పూరం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను గోరంతని కొండంత చేసే మనిషిని. మా పాలకొల్లులో నాలుగు చినుకులు పడితే చాలు, ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెప్పేస్తాను. కాస్త తగ్గించుకుని చదవండి.

జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వాయువుల పాఠం రోజున ఫ్యాన్లు ఆపించి, కర్పూరం డబ్బా మూత తీసి, "వాసన అందినవాళ్లు చెయ్యెత్తండి" అంటాను. ఆ ఉక్కకి పిల్లలు కరిగి బెంచీల కింద మడుగులు కడతారు. ముందు బెంచీ చేతులు లేచిన ఎంతసేపటికో గానీ ఆఖరి బెంచీ చేతులు లేవవు.

"అణువు తుపాకీ గుండులా పరిగెడుతుందన్నారు, మరి ఇంత ఆలస్యమేంటి సార్?"

"సంతరోజు మీ నాన్నగారు బజారు దాటడానికి ఎంతసేపు పడుతుందిరా? అడుగడుక్కీ ఎవరో ఒకరు తగిలి 'ఏంటండీ, బాగున్నారా' అంటారు కదా. అణువుదీ అదే తిప్పలు."

పోయిన వానాకాలం జ్వరమొచ్చి మా ఆవిడకి వాసన పోయింది. ఇంగువైనా మాడిన పప్పైనా ఒకటే. ఒకరోజు కాలేజీ నుంచి వస్తే గేటు దగ్గరే గ్యాసు గుప్పుమంది. ఆవిడ స్టవ్ పక్కనే నిలబడి లైటర్ కోసం వెతుకుతోంది. లైటర్ ఎక్కడపడితే అక్కడ పడేసే నా పాడు అలవాటే ఆ పూట ఆవిడని దక్కించింది.

"రోజూ నాలుగు వాసనలు చూపించండి. ముక్కు మళ్లీ నేర్చుకోవచ్చు, నేర్చుకోకపోవచ్చు" అన్నారు డాక్టరుగారు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే హాల్లో ఆ చివర ఆవిడ కళ్లు మూసుకుని కూర్చుంటుంది. ఈ చివర నేను. మొదట ఎప్పుడూ కర్పూరమే.

"అందిందా?"

"ఇంకా ఆఖరి బెంచీలోనే ఉన్నానండి." కళ్లు తెరవకుండానే, "రోజూ లేదని చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంటోంది" అనేది.

ఇన్నేళ్లూ నేను అణువు నడిచే దారి గురించే పాఠం చెప్పాను. గుమ్మం దాకా వచ్చాక తలుపు తీసేవాళ్లు లేకపోతే ఏమవుతుందో నా పుస్తకంలో లేదు.

నెలలు గడిచాయి. మొన్న ఆవిడ చెయ్యెత్తింది. "వచ్చిందండీ, కర్పూరం!" నేను వేసిన కేకకి యానాంలో పడవలు కదిలాయి.

ఇందులో నేను కల్పించింది ఆ కేక. ఆవిడ చెయ్యెత్తిందన్నది నిజం, ఆ మాట అన్నదీ నిజమే. వాసన వచ్చిందన్నది మాత్రం కల్పన. అది ఆవిడది. అప్పటికి నేనింకా డబ్బా మూత తియ్యలేదు.

ఆవిడ కళ్లు తెరిచేలోపు, చప్పుడు కాకుండా తీశాను.