గొలుసుకు వేలాడిన గుండు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం మా బావి అడుగంటింది. అప్పుడు నాకు పదేళ్లుంటాయి. మాది కేతేపల్లి దగ్గర పల్లె. బావిని ఇంకా లోతు చేయించాలని మా బాపు మోత్కూరు దిక్కు నుంచి పనివాళ్లను పిలిపించాడు. వాళ్లు ఒడ్డున చేతితో తిప్పే క్రేను నిలబెట్టారు. లోపల కొందరు రాయి పగలగొట్టి ఇనుప తొట్టిలో నింపితే, పైన నలుగురు పిడి తిప్పి గొలుసుతో దాన్ని పైకి లాగేవాళ్లు. ఆ తర్వాత క్రేనును పక్కకు తిప్పి గట్టు మీద కుప్ప పోసేవాళ్లు.

వాళ్లకు పెద్ద ఒక ముసలాయన. అందరూ మేస్త్రి అనేవాళ్లు, నేను తాత అనేదాన్ని. ఆయన తక్కువ మాట్లాడేవాడు. బడికి సెలవులు కాబట్టి రోజూ సత్తుగిన్నెలో బాపుకు జొన్నరొట్టెలు తీసుకుపోయి, ఆ పని చూస్తూ అక్కడే ఉండిపోయేదాన్ని. నలుగురు చెమటలు కక్కుతూ ఎత్తిన తొట్టిని పైకి వచ్చాక ఒక్క మనిషే పక్కకు జరుపుతుంటే నాకు వింతగా ఉండేది. గొలుసుకు వేలాడదీయగానే బరువంతా పోతుందని నాకు నేనే తీర్మానించుకున్నాను.

మూడోనాడు తొట్టిలో పట్టని పెద్ద రాతిగుండొకటి తగిలింది. దాన్ని నేరుగా గొలుసుకు కట్టి పైకి తెచ్చారు. క్రేను తిప్పగానే అది ఊగుతూ గట్టు మీదికి వచ్చింది. నేను ముందురోజు పోసిన రాళ్లకుప్పకు ఆనుకుని నిలబడి ఉన్నాను. గుండు ఏ తొందరా లేకుండా, ఉయ్యాల వచ్చినట్టు నా వైపే వస్తోంది. నాకు భయం కాలేదు. ఆపుదామని రెండు చేతులూ ముందుకు చాపాను.

మేస్త్రి తాత నా రెక్క పట్టి పక్కకు గుంజాడు. గుండు పోయి కుప్పకు తగిలింది. నా పక్కన రాళ్ల మీద పెట్టిన సత్తుగిన్నె రేకులాగా అణిగిపోయింది. బాపు ఉరికొచ్చి నన్ను కొట్టబోతే తాత అడ్డం నిలబడ్డాడు.

"పిల్లకు ఎర్క లేదు. కొడితే ఎర్కైతదా?" అన్నాడు.

అన్నాలు తిన్నాక ఆయన రెండు గోనెసంచులు తెప్పించాడు. ఒకదాంట్లో ఊక, ఇంకోదాంట్లో ఇసుక నింపి, రెండింటినీ వేపకొమ్మకు ఒకే ఎత్తులో తాళ్లతో వేలాడగట్టాడు. పైకి చూస్తే రెండూ ఒక్కతీరే ఉన్నాయి. ఎత్తకుండా, వేలితో నూకి, ఏది ఏదో చెప్పమన్నాడు. ఊకసంచి వేలు తాకగానే ఊగింది. ఇసుకసంచి అంత తేలిగ్గా కదలలేదు. అరచేతులు ఆనించి గట్టిగా నూకితే గాని కాస్త జరగలేదు. అప్పుడు ఆయన దాన్ని రెండు జానల దూరం వెనక్కి గుంజి వదిలి, ఆపమన్నాడు. ఆపబోయి వెనక్కి పోయి కూలబడ్డాను.

"సంచి బరువు ఎవరు మోస్తున్నరు?" అని అడిగాడు.

తాడు మోస్తోందని చెప్పాను.

"మరి నిన్ను పడేసింది ఏంది?"

నేను లేచి ఇసుకసంచిని మళ్లీ నూకి చూశాను.

"బరువు తాడు మోస్తది బిడ్డా. ఇసుక యాడికి పోలే, సంచిల ఎంతున్నదో గంతే ఉన్నది. అది కదలాలన్నా కష్టమే, కదిలినంక ఆగాలన్నా కష్టమే."

ఎదురుపోకుండా, పక్కన పట్టుకుని, దాంతోపాటే నడుస్తూ మెల్లగా ఆపాలని చేసి చూపించాడు. అప్పుడే గమనించాను, ఆయన ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం లేదు. ఏమైందని అడిగితే, నీ ఈడుల నాకు ఎవ్వరు చెప్పలే అన్నాడు, అంతే.

తర్వాత నకిరేకల్ బడిలో మా సారు బోర్డు మీద బరువు, ద్రవ్యరాశి అని రెండు మాటలు రాశారు. భూమి వస్తువును లాగే బలం బరువనీ, వస్తువులో ఉన్న పదార్థమెంతో ద్రవ్యరాశి అనీ చెప్పారు. చంద్రుడి మీద మన బరువు ఆరో వంతుకు తగ్గుతుంది గాని ద్రవ్యరాశి మారదన్నారు. అదెట్లా సార్ అని తరగతంతా అడిగింది. నేను అడగలేదు.

నేను నర్సునయ్యాను. తెలంగాణ వచ్చిన తర్వాత, నా ఉద్యోగం చివరి రోజుల్లో, ఒక పొద్దున దవాఖాన ర్యాంపు మీద భారీ మనిషి ఉన్న స్ట్రెచరు కొత్తగా చేరిన ఆయమ్మ చేయి జారింది. చక్రాలుంటే బరువేముందని ఆమె ఒంటిచేత్తో పట్టుకుంది. కింద జనం ఎదురుగా చేతులు చాపి నిలబడ్డారు. వాళ్లను తప్పుకొమ్మని కేకేసి, నేను పక్క కడ్డీ పట్టుకుని దాంతోపాటు ఉరికాను. కొన్ని అడుగులు అదే నన్ను లాక్కుపోయింది. తర్వాత స్ట్రెచరూ నేనూ మెల్లబడ్డాం, ర్యాంపు కింద ఆగాం. మత్తులో ఉన్న ఆ మనిషికి ఏమీ తెలియదు.

అట్లా ఉరకాలని అప్పుడు నేనేమీ ఆలోచించలేదు. నా కాళ్లకే తెలుసు.