అమ్మ పిడికెడు బియ్యం

నాంపల్లి స్టేషన్ వెనక మా బస్తీలో చర్చి అంటే నిన్నమొన్నటిదాకా ఒక రేకుల షెడ్డు. వానొస్తే పాస్టరుగారి ప్రసంగం వినపడేది కాదు. దాన్ని తీసేసి పక్కా చర్చి కట్టుకోవడానికి విదేశీ దాతలు ముందుకొచ్చినప్పుడు అందరికన్నా ఎక్కువ సంబరపడింది మా అమ్మ.

అబిడ్స్‌లో ఒక బడి ఊడ్చి మమ్మల్ని పెంచిన మనిషి. వండినప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుడి డబ్బాలో వేశాకే ఎసట్లో పోసేది. ఆ బియ్యం ఆదివారం చర్చిలో ఇవ్వడం మా ఆడవాళ్ళ ఆనవాయితీ. పస్తున్న రోజు కూడా ఆ డబ్బాలో చెయ్యి పెట్టనిచ్చేది కాదు. ఆకలి మీద నేను ఎన్నిసార్లు తిట్టుకున్నానో!

కొత్త గోడలు లేస్తుంటే రోజూ పొద్దున్నే వెళ్ళి నీళ్ళు పట్టేది. "అవ్వా, నీకు కూలి ఎవరిస్తరు?" అని మేస్త్రీ ఆటపట్టించేవాడు.

"నా పెట్టె గీ చర్చిలకెళ్లి లేవాలె. గదే నా కూలి" అనేది అమ్మ.

మాలో ఎవరు పోయినా పెట్టెను ముందు చర్చిలోకి తెచ్చి, ప్రార్థన చేసి, ఆ తర్వాతే సమాధుల తోటకు తీసుకెళతారు. అమ్మ కోరిక అంతే.

చర్చి పూర్తయింది. ఆదివారం ప్రతిష్ఠ, దాతలు వస్తున్నారు. బుధవారం పొద్దున అమ్మ పోయింది.

సంఘం కార్యదర్శిని నేనే. తాళంచెవి నా జేబులోనే ఉంది. పెద్దలు మా గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించారు. "జర సోంచాయించు తమ్మీ. కొత్త చర్చిల ఫస్టే శవమేంది? మొదలు ఓ పెండ్లన్న కావాలె గద. దొరలు ఏమనుకుంటరు?"

శకునాలు చూడొద్దంటే ప్రతి ఆదివారం ఆమెన్ చెప్పే నోళ్ళే అవి. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారే, ఆ రోజు వాళ్ళకు మా అమ్మ ఆ పిల్లి అయింది.

"నువ్వెట్లంటే గట్లనే బిడ్డా" అన్నారు పాస్టరుగారు. నేను ఒక్క మాట అంటే చాలు. అనలేదు. కొత్త చర్చిలో మొదటి పెళ్ళి నా కూతురిదేనని అప్పటికే మాటైంది. పెద్దల మీద నెట్టేసి ఏం లాభం, భయపడింది నేను.

రోడ్డు మీద షామియానా వేశాం. ఆటోల హారన్ల మధ్య పాటలు పాడాం. చర్చి గేటు ముందే భుజం మార్చుకోవడానికి పెట్టెతో ఒక్క నిమిషం ఆగాం. గేటుకు నేను వేసిన తాళమే ఉంది.

ఆదివారం దాతలు వచ్చారు. వాళ్ళలో ఒక ముసలి దొరసానికి పాస్టరుగారు సంగతంతా చెప్పారు. ఆమె నా చేతులు పట్టుకుని ఏడుస్తూ ఏదో అంది. "మేమొద్దంటుంటిమా, ఒక్క ఫోన్ చెయ్యకపోతిరి అంటున్నరు" అని పాస్టరుగారు నాకు చెప్పారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కానుకల వేళ నా భార్య అమ్మ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. సగానికి పైగా బియ్యం ఉన్నాయి, అన్నీ అమ్మ చేత్తో వేసినవే. మోసుకెళ్ళి పాస్టరుగారి ముందున్న కానుకల బల్ల దగ్గర పెట్టాను.

అమ్మ బియ్యాన్ని లోపలికి తెచ్చాను. అమ్మను తేలేదు.